అరవై డిస్కుల్లో ఆ ఒక్కటి ఏది?



పెద్ద పెద్ద సర్వర్ గదుల్లో మనిషి చేత్తో చేసే పనులు ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. మిగిలిన కొద్ది పనుల్లో ఒకటి, పాడైన డిస్కును ట్రేతో సహా బయటికి లాగి, దాని చోట కొత్తది పెట్టడం. లాగడానికి అర నిమిషం కూడా పట్టదు. ఏది లాగాలో తెలుసుకోవడమే అసలు పని.

ఏడు అంగుళాల ఎత్తున్న ఒక ఉక్కు పెట్టెలో ఇవాళ 60 డిస్కులు పడతాయి. వెస్టర్న్ డిజిటల్ తయారుచేసే ఒక మోడల్లో అయితే అదే ఎత్తులో 102 పడతాయి. అన్నీ ఒకే రంగు, ఒకే కొలత. సీరియల్ నంబరు డిస్కు ఒంటి మీదే ఉంటుంది కాబట్టి చాలా పెట్టెల్లో ట్రే లాగితే తప్ప కనిపించదు. తెర మీద మాత్రం ఎస్‌డీక్యూ అనే డిస్కులో చదవలేని సెక్టార్లు పెరుగుతున్నాయన్న హెచ్చరిక వస్తుంది. ఆ ఎస్‌డీక్యూ ఏ వరుసలో ఉంది? ముందు నుంచి మూడోదా, వెనక నుంచి పదకొండోదా? హెచ్చరికలో ఆ సంగతి ఉండదు.

ఊహించి లాగితే వచ్చే నష్టం చిన్నది కాదు. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. పలు డిస్కులను ఒకే అర్రేగా కలిపి వాడే పద్ధతికి రెయిడ్ అనే పేరు అక్కడి నుంచే ప్రపంచమంతా పాకింది. రెయిడ్ 5 పద్ధతిలో ఒక డిస్కు పోయినా, మిగిలినవాటి మీదున్న సమాచారంతో లెక్క కట్టి పోయినదాన్ని తిరిగి రాబట్టవచ్చు. కానీ ఆ వెసులుబాటు ఒక్క డిస్కుకే. ఒకటి ఇప్పటికే మూలపడి ఉండగా, పక్కనున్న మంచి డిస్కును పొరపాటున లాగితే రెండు పోయినట్టే. మొత్తం అర్రే అక్కడికక్కడ ఆగిపోతుంది. సరైనదాన్నే లాగి కొత్తది పెట్టినా గండం వెంటనే గడిచిపోదు. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల చొప్పున ఎడతెగకుండా నింపినా దాదాపు 28 గంటలు పడుతుంది. ఆ 28 గంటలూ అర్రేకు కాపు లేనట్టే.

ఇది అరుదుగా వచ్చే పరిస్థితి అనుకోవడానికీ లేదు. అమెరికాలోని బ్యాక్‌బ్లేజ్ అనే నిల్వ సంస్థ తన డిస్కులు ఎన్ని పాడవుతున్నాయో క్రమం తప్పకుండా బయటపెడుతుంది. 2023లో ఆ సంస్థ చూసుకున్న 2,70,000కు పైగా డిస్కుల్లో ఏడాది వైఫల్యం రేటు 1.40 శాతం. ఆ లెక్కన 60 డిస్కుల పెట్టెలో ఏడాదికి దాదాపు ఒకటి పోతుంది. అలాంటి పెట్టెలు వంద ఉన్న చోట నాలుగైదు రోజులకొకసారి ఎవరో ఒకరు ఆ ర్యాకు ముందు నిలబడి, ఏది లాగాలా అని చూస్తుంటారు.

తెర మీది పేరుతో చిక్కేమిటంటే, అది ఆ డిస్కుకు స్థిరమైన పేరు కాదు. లినక్స్ బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కు ముందు పలికితే దానికి ముందు అక్షరం దక్కుతుంది. ఆసుపత్రిలో వచ్చిన వరుసను బట్టి ఇచ్చే టోకెన్ లాంటిదది. రేపు మళ్లీ వస్తే వేరే నంబరు రావచ్చు. మెషీన్ ఒకసారి రీబూట్ అయ్యాక నిన్నటి ఎస్‌డీక్యూ నేడు ఎస్‌డీపీ కావచ్చు. డిస్కును వదలకుండా ఉండేవి రెండే. ఒకటి తయారీదారు వేసిన సీరియల్ నంబరు. రెండోది ప్రపంచం మొత్తం మీద మరో డిస్కుకు లేని 64 బిట్ల చిరునామా. ఎస్‌ఏఎస్ చిరునామా అనీ, డబ్ల్యూడబ్ల్యూఎన్ అనీ పిలిచేది దీన్నే. కానీ ఈ రెండూ డిస్కు ఎవరో చెబుతాయి గాని, ఎక్కడుందో చెప్పవు. ఎక్కడుందో తెలిసేది పెట్టెకే.

ఆ పెట్టెకు మాటలు నేర్పే ప్రయత్నం 1990ల నడిమి కాలంలో మొదలైంది. ఇంటెల్, ఎన్‌స్టోర్ సంస్థలు కలిసి సాఫ్టీ అనే పద్ధతిని రూపొందించాయి. ఆ తర్వాత, సర్వర్ డిస్కులతో మాట్లాడే భాష అయిన స్కజీ ప్రమాణాలను చూసే టీ10 కమిటీ స్కజీ ఎన్‌క్లోజర్ సర్వీసెస్ అనే ప్రమాణాన్ని తెచ్చింది. అది 1998లో ఆమోదం పొందింది. పనిచేసేవాళ్లు దాన్ని పొట్టిగా ఎస్‌ఈఎస్ అంటారు. సాఫ్టీ మరుగున పడింది, ఎస్‌ఈఎస్ నిలిచింది. స్కజీ కమాండ్లనే వాడే ఇవాళ్టి ఎస్‌ఏఎస్ పెట్టెలన్నిటా దాదాపుగా ఇదే నడుస్తోంది.

దీని ఏర్పాటు సులువుగానే అర్థమవుతుంది. పెట్టె లోపల డిస్కులతో పాటు ఒక చిన్న ప్రాసెసర్ ఉంటుంది. దానికి ఫ్యాన్లు, పవర్ సప్లైలు, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సర్లు, ప్రతి స్లాటు దగ్గరి దీపాలు తీగలతో కలిసి ఉంటాయి. సర్వర్ కళ్లకు ఆ ప్రాసెసర్ కూడా డిస్కులాగే ఒక స్కజీ పరికరం. కాకపోతే డిస్కు రకం సంఖ్య సున్నా అయితే, దీని రకం సంఖ్య 13. సర్వర్ దానితో ప్రధానంగా రెండే కమాండ్లతో మాట్లాడుతుంది. ఒకటి పెట్టె స్థితిని చదివేది, రెండోది పెట్టెకు ఆజ్ఞ పంపేది. ఆ మాటలు పేజీలుగా విడిపోయి ఉంటాయి. ఒకటో పేజీ పెట్టెలో ఏమేమి ఉన్నాయో చెబుతుంది. రెండో పేజీ వాటి స్థితి చెబుతుంది, ఆజ్ఞలు తీసుకునేదీ అదే. ఐదో పేజీలో ఉష్ణోగ్రత, వోల్టేజీల హద్దులుంటాయి. ఏడో పేజీలో ఒక్కో భాగానికి తయారీదారు పెట్టిన పేరుంటుంది. పదో పేజీ అన్నిటికన్నా విలువైనది. ఏ స్లాటులో ఏ ఎస్‌ఏఎస్ చిరునామా గల డిస్కు కూర్చుందో అక్కడ రాసి ఉంటుంది. అంటే ఎవరు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలూ కలిసే చోటు ఆ పేజీయే.

ఇప్పుడు టెర్మినల్ ముందుకు వద్దాం. లినక్స్‌లో ఎల్ఎస్‌స్కజీ అని టైపు చేసి, దానికి మైనస్ జీ తగిలిస్తే, సర్వర్‌కు కనిపించే స్కజీ పరికరాలన్నీ వరుసగా వస్తాయి. డిస్కుల మధ్యలో ఎక్కడో ఒక వరుసలో ఎన్‌క్లోజర్ అనే మాట, చోటు చాలక చివర తెగి కనబడుతుంది. పెట్టె గొంతు అదే. ఆ వరుస చివర ఉన్న ఎస్‌జీ పేరును పట్టుకుని ఎస్‌జీ అండర్‌స్కోర్ ఎస్ఈఎస్ అనే కమాండ్‌ను పిలవాలి. ఈ కమాండ్ ఎస్‌జీ3 యుటిల్స్ అనే ప్యాకేజీలో భాగం. లినక్స్ స్కజీ జెనెరిక్ డ్రైవర్‌ను ఏళ్ల తరబడి సంరక్షించిన డగ్లస్ గిల్బర్ట్ ఆ ప్యాకేజీని రాశారు. ఎస్‌ఈఎస్ ప్రమాణంలోని దాదాపు ప్రతి మూలకూ చేయి చాపగల పనిముట్టు అది. దాని మాన్యువల్ పేజీని ఓపికగా చదివినవాళ్లకు ప్రమాణం సగం చదివినట్టే.

రెండో పేజీ అడగగానే పెట్టె తన ఒంట్లో సంగతులన్నీ చెబుతుంది. ఒక్కో భాగానికి కేటాయించింది నాలుగు బైట్లే. ఆ నాలుగు బైట్లలోకి ఎంత ఇమిడ్చారో చూస్తే ప్రమాణం రాసినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది. ఉష్ణోగ్రతకు ఒకే బైటు ఇచ్చారు. గడ్డకట్టే చలిని కూడా అందులోనే చెప్పడానికి, అసలు విలువకు 20 కలిపి పంపుతారు. 55 వస్తే అది 35 డిగ్రీల సెల్సియస్ అన్నమాట. ఫ్యాన్ వేగం నిమిషానికి పది చుట్ల చొప్పున లెక్కపెడతారు, 512 వస్తే 5,120 చుట్లు. వోల్టేజీని వోల్టులో నూరోవంతు చొప్పున చెబుతారు. ఈ గుణకారాలూ తీసివేతలూ కమాండే చేసి, చదవదగిన మాటల్లో చూపిస్తుంది. అయినా అంకెల వెనకున్న లెక్క తెలిసినవాళ్లకు, సెన్సర్ తప్పు చెబుతున్నప్పుడు పట్టుకోవడం తేలిక. సరిగ్గా మైనస్ 20 అని కనబడితే గది చల్లబడలేదు. ఆ బైటులో సున్నా వచ్చింది, అంటే సెన్సర్ ఏమీ చెప్పడం లేదు.

ప్రతి భాగానికీ ఒక స్థితి సంకేతం కూడా ఉంటుంది. బాగుంది, కాస్త తేడాగా ఉంది, ప్రమాదంలో ఉంది, ఇక కోలుకోదు, అసలు పెట్టలేదు, తెలియదు అనే అర్థాలతో అవి వస్తాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు పెట్టలేదు అన్నదాన్ని పట్టించుకోకుండా దాటేస్తుంటారు. ఖాళీ స్లాటు దగ్గర అది మామూలే. నిన్నటిదాకా పవర్ సప్లై ఉన్న చోట ఆ మాట వస్తే మాత్రం, అది ఎర్ర జెండాయే.

ఇక దీపం సంగతి. ఎస్‌ఈఎస్ పనులన్నిటిలో మనుషులకు నేరుగా ఉపయోగపడేది ఇదే. ఎస్‌జీ అండర్‌స్కోర్ ఎస్ఈఎస్‌కు ఫలానా స్లాటులో ఐడెంట్ అనే బిట్‌ను సెట్ చేయమని చెబితే, ర్యాకులో ఆ స్లాటు దగ్గర దీపం మిణుకుమిణుకుమంటుంది. క్లియర్ చేయమంటే ఆరిపోతుంది. స్లాటును వరుస సంఖ్యతో చెప్పవచ్చు, పెట్టె పెట్టుకున్న పేరుతో చెప్పవచ్చు, డిస్కు ఎస్‌ఏఎస్ చిరునామాతోనూ చెప్పవచ్చు. ఈ మూడింటిలో చివరిదే మేలు. ఎందుకంటే కమాండ్‌లో వరుస సంఖ్య సున్నా నుంచి మొదలవుతుంది. పెట్టె మీద అతికించిన లేబుల్ కొన్ని మోడళ్లలో సున్నా నుంచి, కొన్నిటిలో ఒకటి నుంచి మొదలవుతుంది. ఆ ఒక్క అంకె తేడాతో పక్కింటి దీపం వెలుగుతుంది. చిరునామాతో అడిగితే ఆ ఇబ్బంది రాదు.

ఆజ్ఞ పంపేటప్పుడు లోపల జరిగేది కూడా తెలుసుకోదగినదే. పెట్టెకు ఒక స్లాటు కోసం విడిగా ఆజ్ఞ పంపడం కుదరదు, మొత్తం పేజీ పంపాలి. 60 స్లాట్లకూ, ఫ్యాన్లకూ, పవర్ సప్లైలకూ చెందిన బైట్లన్నీ అందులో ఉంటాయి. అందుకే ప్రతి భాగంలో సెలెక్ట్ అనే ఒక బిట్ పెట్టారు. అది ఒకటిగా ఉన్న భాగానికే ఆజ్ఞ వర్తిస్తుంది, మిగిలినవాటిని పెట్టె పట్టించుకోదు. కమాండ్ ముందు పేజీ మొత్తం చదివి, అడిగిన చోట మాత్రం మార్చి, ఆ భాగానికి సెలెక్ట్ వేసి తిరిగి పంపుతుంది. ఇదే పేజీలో డివైస్ ఆఫ్ అనే బిట్ కూడా ఉంది. దాన్ని సెట్ చేస్తే, ఆ సదుపాయమున్న పెట్టెలో ఆ స్లాటుకు కరెంటే ఆగిపోతుంది. దీపం వెలిగించే కమాండుకీ, డిస్కుకు కరెంటు తీసేసే కమాండుకీ మధ్య తేడా ఒక్క మాటే. రాత్రి రెండు గంటలకు నిద్ర కళ్లతో పనిచేసే షిఫ్టు మనిషి చేతికి ఈ కమాండ్‌ను నేరుగా ఇవ్వకూడదు. దీపం వెలిగించడం, ఆర్పడం, స్థితి చదవడం, ఈ మూడే చేయగల చిన్న స్క్రిప్టు రాసి ఇవ్వాలి.

అంత లోతుకు వెళ్లనవసరం లేనివాళ్లకు తేలిక దారులున్నాయి. 2008లో జేమ్స్ బాటమ్లీ లినక్స్ కెర్నెల్‌లోకి ఎన్‌క్లోజర్ డ్రైవర్ తెచ్చారు. అప్పటి నుంచి సిస్ డైరెక్టరీలో, క్లాస్ కింద ఎన్‌క్లోజర్ అనే చోట, ప్రతి స్లాటుకూ ఒక ఫోల్డర్ కనబడుతుంది. అందులో లొకేట్ అనే ఫైలులో ఒకటి రాస్తే దీపం వెలుగుతుంది, సున్నా రాస్తే ఆరుతుంది. ఇంటెల్ మొదలుపెట్టిన లెడ్‌మాన్ ప్యాకేజీలోని లెడ్‌కంట్రోల్ కమాండ్ ఇంకా దగ్గరి దారి. దానికి ఎస్‌డీక్యూ అని చెబితే చాలు, స్లాటును అదే వెతుక్కుంటుంది. ఫ్రీబీఎస్‌డీ 11లో సెస్‌యుటిల్ అనే కమాండ్ వచ్చింది. దానికి మ్యాప్ అని చెబితే పెట్టె మొత్తం పటంలా పరుస్తుంది. దీపాలు ఎలా మెరవాలో కూడా పరిశ్రమ ఒక ఒప్పందానికి వచ్చింది. వెతుకుతున్న డిస్కుకు సెకనుకు నాలుగు మెరుపులు, సమాచారం తిరిగి నింపుతున్న డిస్కుకు సెకనుకు ఒకటి, పాడైనదానికి ఆగకుండా వెలిగే దీపం. ఈ ఒప్పందాన్ని అన్ని పెట్టెలూ తు.చ. తప్పకుండా పాటించవు కాబట్టి, కొత్త మోడల్ వచ్చినప్పుడు దాని పుస్తకం ఒకసారి తిరగేయాలి.

డిస్కు పూర్తిగా చచ్చిపోతే మరో చిక్కు వస్తుంది. అప్పుడు ఎస్‌డీక్యూ అనే పేరే సర్వర్‌లో మిగలదు. పేరు లేనిదానికి దీపం ఎలా వెలిగిస్తారు? ముందే రాసిపెట్టుకున్న పటం ఉంటే స్లాటు సంఖ్యతో వెలిగించవచ్చు. అది లేని చోట అనుభవజ్ఞులు తలకిందులుగా ఆలోచిస్తారు. బతికున్న డిస్కులన్నిటికీ దీపాలు వెలిగిస్తారు. వెలగకుండా మిగిలిన ఆ ఒక్కటే పోయిన డిస్కు. ఎస్‌ఈఎస్ లేని పాత పెట్టెల దగ్గర డీడీ కమాండ్‌తో ఒక డిస్కును ఆగకుండా చదివిస్తూ, దాని పని దీపం నిలకడగా మెరవడాన్ని బట్టి గుర్తుపట్టేవాళ్లు. ఆ ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది.

ఫ్యాన్ల వేగాన్ని మార్చే వీలు కూడా ఎస్‌ఈఎస్‌లో ఉంది, కిందిమెట్టు నుంచి పైమెట్టు దాకా ఏడు మెట్లున్నాయి. చల్లగా ఉంచితే డిస్కులు ఎక్కువకాలం బతుకుతాయన్న నమ్మకంతో పైమెట్టుకు ఎక్కించాలనిపించడం సహజం. కానీ 2007లో గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కుల లెక్కలు చూసి, మామూలు వేడిమి పరిధిలో ఉష్ణోగ్రతకూ వైఫల్యానికీ అనుకున్నంత గట్టి సంబంధం కనబడలేదన్నారు. మరీ చల్లగా ఉన్న డిస్కుల్లోనే వైఫల్యం ఎక్కువగా కనిపించింది. పైగా వేగంగా తిరిగే ఫ్యాన్ అంటే అదురు, చప్పుడు. 2008 చివర్లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజినీర్ బ్రెండన్ గ్రెగ్ డిస్కుల పెట్టె ముందు నిలబడి గట్టిగా అరిచిన వీడియో ఈ రంగంలో తెలియనివాళ్లు తక్కువ. అరిచిన ప్రతిసారీ డిస్కులు జవాబివ్వడానికి పట్టే సమయం తెర మీది గ్రాఫులో ఒక్కసారిగా పైకి లేచింది. 2016 సెప్టెంబరులో బుకారెస్టులోని ఐఎన్‌జీ బ్యాంకు డేటా సెంటర్లో అగ్నిమాపక పరీక్ష జరిగింది. మంటలార్పే వాయువు బయటికొచ్చిన హోరుకు హార్డ్ డిస్కులు దెబ్బతిని, బ్యాంకు సేవలు దాదాపు పది గంటలు ఆగిపోయాయి. నానోమీటర్లలో కొలిచే దారుల మీద తల కదిపే యంత్రానికి శబ్దం కూడా దెబ్బే. అందుచేత ఫ్యాన్ వేగాన్ని పెట్టె లోపలి ఫర్మ్‌వేర్‌కే వదిలేసి, దాని మీద కన్నేసి ఉంచడమే తెలివైన పని. చాలా పెట్టెలు బయటి నుంచి వచ్చిన వేగం ఆజ్ఞను ఎలాగూ లెక్కచేయవు.

కన్నేసి ఉంచడం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ పెట్టె అడిగితే చెబుతుంది, తనంతట తాను ఫోన్ చేయదు. అడిగేవాళ్లు లేకపోతే దాని జ్ఞానమంతా వృథా. పెట్టెలో పవర్ సప్లైలు మామూలుగా రెండుంటాయి, ఒకటి పోయినా రెండోది మోస్తుంది. అందులోనే ప్రమాదం దాగి ఉంది. ఒకటి పోయిన రోజున ఫైళ్లు తెరుచుకుంటూనే ఉంటాయి, వెబ్‌సైటు నడుస్తూనే ఉంటుంది, ఎవరూ ఫిర్యాదు చేయరు. పెట్టె వెనక చిన్న నారింజ దీపం వెలుగుతూ ఉంటుంది. తాళం వేసిన గదిలో దాన్ని చూసే నాథుడుండడు. కొన్ని నెలలకు రెండో సప్లై కూడా పోతే, 60 డిస్కులూ ఒక్కసారి చీకట్లోకి వెళ్తాయి. ఆ రోజున అందరూ హఠాత్తుగా పోయిందంటారు. నిజానికి అది సగం పోయి నెలలైంది. రెండో పేజీలో ప్రమాదం అన్న మాట అన్ని రోజులుగా ఉంది.

కాబట్టి కొద్ది నిమిషాలకొకసారి పెట్టెను పలకరించే స్క్రిప్టు ఒకటి, పనులను వేళకు నడిపే క్రాన్‌లో ఉండాలి. రెండో పేజీ మొదట్లోనే మొత్తం పెట్టె పరిస్థితిని ఒక్క బైటులో చెప్పే బిట్లున్నాయి. మామూలు రోజుల్లో ఆ ఒక్క బైటు చూస్తే చాలు. అందులో తేడా కనబడితే అప్పుడు ఒక్కో భాగాన్నీ అడగాలి. అడిగిన ప్రతిసారీ మెయిల్ పంపే స్క్రిప్టు మంచిది కాదు, నాలుగో రోజు నుంచి ఆ మెయిల్ ఎవరూ తెరవరు. నిన్నటికీ నేటికీ ఏం మారిందో అది మాత్రమే పంపాలి. ఇంకో మెలిక, పెద్ద పెట్టెల్లో ఇన్‌పుట్ అవుట్‌పుట్ మాడ్యూళ్లు రెండుంటాయి. రెండు దారుల్లోనూ కేబుళ్లు వేస్తే, ఒకే పెట్టె సర్వర్‌కు రెండు ఎన్‌క్లోజర్లుగా కనబడుతుంది. రెండూ చెప్పే పెట్టె గుర్తింపు సంఖ్య ఒకటే అయితే అవి ఒకే పెట్టెకు రెండు నోళ్లు. రెండిటినీ అడగాలి, ఎందుకంటే ఒక నోరు మూగబోవడం కూడా తెలుసుకోవలసిన వార్తే.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నేరుగా నడిచే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు వచ్చాక స్కజీ దారి తగ్గుతోంది. వాటి కోసం పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణంలోనే ఎన్‌పీఈఎం అనే దీపాల ఏర్పాటు చేర్చారు. లెడ్‌కంట్రోల్ ఆ భాష కూడా మాట్లాడుతుంది, కాబట్టి కమాండ్ దగ్గర కూర్చున్న మనిషికి పెద్ద మార్పు తెలియదు.

ఇదంతా పనికి రావాలంటే పెట్టె ఆరోగ్యంగా ఉన్న రోజునే మొదలుపెట్టాలి. కొత్త పెట్టె ర్యాకులోకి ఎక్కిన రోజున, సమాచారం ఇంకా నింపకముందే, ఒకరు టెర్మినల్ దగ్గర, ఒకరు ర్యాకు దగ్గర నిలబడి స్లాటు తర్వాత స్లాటు దీపం వెలిగించి చూడాలి. వెలిగిన చోటూ లేబులు సంఖ్యా కలుస్తున్నాయా, ఏదైనా దీపం మాడిపోయి ఉందా అన్నది ఆ రోజే తేలిపోతుంది. స్లాటు సంఖ్య, ఎస్‌ఏఎస్ చిరునామా, సీరియల్ నంబరు మూడూ ఒక పట్టికలో రాసి, ఆ పట్టికను ఈ పెట్టె మీద కాకుండా వేరే చోట దాచాలి. 60 స్లాట్లకు ఈ పని ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఆ తర్వాత డిస్కు మార్చిన ప్రతిసారీ, దీపం ఆర్పే కమాండ్ ఇచ్చాక, పదో పేజీని మళ్లీ అడిగి, ఆ స్లాటులో కొత్త చిరునామా కనబడుతోందని చూసుకుని, పట్టికలో పాత వరుస కొట్టేసి కొత్తది రాయాలి.